చీర రంగు ఫోటోలో ఉన్నదున్నట్టు రావాలంటే: సొంత కెమెరా ప్రొఫైల్ ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది ఇది. బండారులంకలో మగ్గాల దగ్గర చీరలు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కెమెరా మంచిదే, రా ఫైళ్లే (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచేవి) తీస్తున్నారు, లైట్‌రూమ్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తున్నారు. అయినా రామా గ్రీన్ నీలంలోకి జారిపోతోంది, వంకాయ రంగు బ్లూ అయిపోతోంది, "ఫోటోలో ఒకటి, పార్సిల్‌లో ఒకటి" అంటూ చీరలు వెనక్కి వస్తున్నాయి. 24 గడుల కలర్ కార్డు (విలువలు ముందే కొలిచిన రంగు గడులున్న అట్ట) కొని సొంత ప్రొఫైల్, అంటే కెమెరా రంగుల్ని సరిచేసే పట్టిక, చేసుకుంటే ఈ బాధ తీరుతుందా? ఒక్క ప్రొఫైల్ అన్నిచోట్లా పనికొస్తుందా? 140 గడులది కొంటే ఇంకా మేలా? ఫోన్‌తో తీయొచ్చా? ఇవీ మీ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. కార్డు కొనండి, 24 గడులది చాలు. ప్రొఫైల్ చేసుకోండి, తేడా తెలుస్తుంది. కానీ అంతకంటే ముందు చీరలు ఏ వెలుగులో తీయాలో ఒకటి ఖాయం చేసుకోండి. ప్రొఫైల్ అనేది కెమెరా ఒక్కదానికే సంబంధించింది కాదు, ఆ కెమెరాకి, ఆ వెలుగుకి కలిపి చేసేది. వెలుగు రోజుకో రకంగా మారుతుంటే ఎంత మంచి కార్డు కొన్నా పని జరగదు. వెలుగు కుదిరాక చాలా రంగులు దారికొస్తాయి. ప్రొఫైల్ చేశాక ఇంకొన్ని వస్తాయి. అప్పటికీ మొండికేసే రంగులు కొన్ని మిగులుతాయి, వాటిని చీర పక్కన పెట్టుకుని కంటితో చూసి దిద్దుకోవాల్సిందే. మీరు చెప్పిన రెండు రంగులూ దురదృష్టవశాత్తు ఆ మొండి జాతివే. వాటి సంగతి కింద వివరంగా రాస్తాను.

నేను పాలకొల్లు, నరసాపురం, అమలాపురం వైపు బట్టల కొట్లకి, లేసు ఎగుమతిదారులకి, అప్పుడప్పుడు కడియం నర్సరీలకి ఫోటోలు తీస్తుంటాను. కాబట్టి చెప్పేదంతా మన డెల్టా వాతావరణంలో, మన ఇళ్లలో చేసే పనిని బట్టి చెప్తున్నాను.

ముందు అసలు తేడా ఎందుకొస్తుందో చూద్దాం. కెమెరా సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి. మన కంటిలోనూ మూడు రకాల రంగు కణాలు ఉన్నాయి. కానీ ఈ రెండూ వెలుగుని ఒకే విధంగా పంచుకోవు. కెమెరా ఫిల్టర్ల స్పందనల్ని ఏ పాళ్లలోనైనా కలిపి కంటి స్పందనని తెప్పించగలిగితే, ఆ కెమెరా అన్ని రంగుల్నీ మనిషి చూసినట్టే చూస్తుంది. దీన్ని లూథర్ షరతు అంటారు, 1927 నాటిది. మనం కొనుక్కునే కెమెరాలేవీ దీన్ని పూర్తిగా తీర్చవు. అందుకని కంటికి వేరుగా కనిపించే రెండు అద్దకాలు కెమెరాకి ఒకేలా కనిపించొచ్చు, కంటికి ఒకేలా ఉన్నవి కెమెరాకి వేరుగా కనిపించొచ్చు. కెమెరా పట్టిన అంకెల్ని కంటికి కనిపించే రంగుకి వీలైనంత దగ్గరగా మార్చే పట్టికే ప్రొఫైల్. తూకం వేసేముందు తక్కెడలో పాసంగం చూసుకుని సరిచేసుకోవడం లాంటిది.

లైట్‌రూమ్‌లో 'అడోబీ కలర్' అని కనిపించేదీ ప్రొఫైలే. అది మీ మోడల్ కెమెరాలన్నిటికీ సరిపడేలా, ఫోటో చూడ్డానికి బాగుండేలా చేసింది. మనకి కావాల్సింది బాగుండడం కాదు, చీర చీరలా ఉండడం. కెమెరా తయారీదారుల 'వివిడ్', 'ల్యాండ్‌స్కేప్' లాంటివైతే ఈ పనికి అసలు వద్దు.

ఇక్కడ చాలామంది నాలుగు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తారు. వైట్ బ్యాలెన్స్ అంటే బూడిద రంగు బూడిదగా కనిపించేలా చేయడం. ఎక్స్‌పోజర్ అంటే ముదురు, లేత సంగతి. ప్రొఫైల్ అంటే మిగతా రంగులు ఒకదానికొకటి సరైన వరసలో ఉండడం. మానిటర్ కాలిబ్రేషన్ అంటే మీరు చూస్తున్నది నిజమో కాదో. మానిటర్ నీలంగా ఉండి, దాన్ని చూసి మీరు ఫోటోకి పసుపు కలుపుతుంటే ప్రొఫైల్ ఏం చేస్తుంది? మీ ప్రశ్నలో మానిటర్ మాట ఎక్కడా లేదు, అందుకే ఇది ముందుగా గుర్తుచేస్తున్నాను. మానిటర్‌ని కొలిచే పరికరం ఒకసారి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకునైనా సరిచేసుకోండి. తెలుపు 6500 కెల్విన్ (వెలుగు పసుపా నీలమా చెప్పే అంకె), వెలుతురు 100 నుంచి 120 నిట్స్ (తెర ఎంత వెలుగుతోందో చెప్పే కొలత) దగ్గర పెట్టుకుంటే ఈ పనికి బాగుంటుంది. ల్యాప్‌టాప్‌లో నైట్ లైట్ ఆన్ చేసి ఉంటే తీసేయండి.

ఇప్పుడు వెలుగు. మన ప్రాంతంలో దీని గురించే ఎక్కువ చెప్పాలి.

కోనసీమలో ఇంటి చుట్టూ కొబ్బరి, అరటి, ఎదురుగా వరిచేను. చూడ్డానికి ఎంత బాగుంటుందో, రంగుల ఫోటోకి అంత ఇబ్బంది. కొబ్బరాకుల్లోంచి దిగే వెలుగు, ఆకుల మీద పడి తిరిగొచ్చే వెలుగు పచ్చగా ఉంటాయి. మన కన్ను ఆ పచ్చదనానికి వెంటనే అలవాటు పడిపోతుంది, కెమెరా పడదు. వైట్ బ్యాలెన్స్‌తో తీసేయొచ్చు కదా అంటారు. అంతా ఒకే పచ్చ అయితే తీసేయొచ్చు. కానీ పైనుంచి ఆకాశం నీలం, పక్కనుంచి చెట్ల పచ్చ, కింద నుంచి ఎర్ర గచ్చు రంగు ఒకేసారి చీర మీద పడతాయి. పైకి తిరిగిన మడత ఒక రంగు, కిందికి తిరిగిన మడత ఇంకో రంగు. ఒక్క వైట్ బ్యాలెన్స్ ఈ రెండిటినీ సరిచేయలేదు, ప్రొఫైల్ కూడా సరిచేయలేదు.

ఎదురుగా చేను ఉన్న వసారాలో తీసేవాళ్లకి ఇంకో సంగతి. సార్వా పైరు ఎదిగినప్పుడు ఆ వసారాలో వెలుగు ఒకలా ఉంటుంది, కోతలకి చేను పండినప్పుడు పసుపు తిరుగుతుంది, దాళ్వా నాట్లకి నీళ్లు పెట్టినప్పుడు చేలోంచి ఆకాశం ప్రతిబింబిస్తుంది. అదే వసారా, అదే కెమెరా, అదే టైము. సెప్టెంబరులో చేసిన ప్రొఫైల్ ఫిబ్రవరిలో ఎందుకు తేడాగా ఉందని నన్ను అడిగినవాళ్లున్నారు. వెళ్లి చూస్తే కారణం ఎదురుగా చేలోనే ఉంది.

మండువా లోగిలి ఇళ్లలో నడిమి ఖాళీలోంచి దిగే వెలుగు మెత్తగా, చాలా బాగుంటుంది. మనుషుల ఫోటోలకి దాన్ని మించింది లేదంటాను. చీరల రంగుకి మాత్రం చుట్టూ ఉన్న పెంకుల ఎరుపు, స్తంభాల రంగు, గోడల రంగు కలుస్తాయి. తప్పనిసరి అయితే చీర చుట్టూ తెల్ల దుప్పట్లు కాదు, బూడిద రంగు గుడ్డ కట్టండి. నీలం టార్పాలిన్ కింద మాత్రం ఎప్పుడూ తీయొద్దు. షామియానా కింద కూడా అంతే.

రోజూ చీరలు తీసే మీలాంటివాళ్లకి నా సలహా: ఒక గది తీసుకోండి, కిటికీలు మూసేయండి, గోడలకి తెలుపు లేదా లేత బూడిద సున్నం వేయించండి, మంచి ఎల్‌ఈడీ లైట్లు రెండు పెట్టుకోండి. కిటికీ వెలుగు, ట్యూబులైటు కలిపి వాడొద్దు. లైటు కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కి చెప్పే అంకె) 95 పైన ఉందా, ముదురు ఎరుపుకి చెప్పే ఆర్9 అంకె 90 దగ్గర ఉందా చూడండి. మామూలు ఇంటి ఎల్‌ఈడీలు ఎక్కువగా సీఆర్ఐ 80 దగ్గర ఉంటాయి, వాటిలో ముదురు ఎరుపు బాగా తక్కువ. వాటి కింద మిరపపండు ఎరుపు ఇటిక రంగులోకి పోతుంది, మెరూన్ గోధుమగా కనిపిస్తుంది. వెలుగులో లేని రంగుని ఏ ప్రొఫైలూ పుట్టించలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. ఫోటోలో అడ్డచారలు వస్తుంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టి చూడండి.

స్టూడియో ఫ్లాష్ ఉంటే అదీ మంచిదే, రంగు నిలకడగా ఉంటుంది. ఒక్క విషయం గమనించండి: ఫ్లాష్‌లో అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి, అవి తెల్ల నూలు మీద వేరే ప్రభావం చూపిస్తాయి. దాని సంగతి లేసు దగ్గర చెప్తాను.

కార్డుని ఫోటో తీయడం. ఈ 24 గడుల కార్డు 1976 నుంచి ఉంది. మెక్‌బెత్ పేరుతో మొదలై, తర్వాత ఎక్స్‌రైట్ పేరుతో, ఇప్పుడు కాలిబ్రైట్ పేరుతో అమ్ముతున్నారు. పై గడుల్లో మనిషి చర్మం, ఆకాశం, ఆకు, నీలి పువ్వు లాంటి ప్రకృతి రంగుల్ని అనుకరించారు. కింది వరసలో తెలుపు నుంచి నలుపు వరకు ఆరు బూడిద మెట్లు. ఆ రంగులు ఊరికే చూపుకి కాదు, ఒక్కొక్క గడి విలువ కొలిచి ప్రకటించినవి. అందుకే ప్రింటింగ్ ప్రెస్‌లో అచ్చు వేయించుకున్న నకలు కార్డు దీనికి పనికిరాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఇంకోటి చూసుకోండి. 2014 నవంబరులో ఈ కార్డుల రంగుల తయారీ కొద్దిగా మారింది, పాతవాటికి, కొత్తవాటికి విలువలు వేరు. విలువల పట్టికని మీరే ఎంచుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ వాడితే ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. అసలు వాడి వెలిసిన కార్డు కొనకపోవడమే మంచిది.

తీసే విధానం నేను చేసేది ఇలా ఉంటుంది. కార్డుని చీర పరిచే చోటే, అదే ఎత్తులో, అదే వాలులో పెడతాను. లైట్లు రెండు వైపులా 45 డిగ్రీల్లో. కార్డు స్థానంలో ముందు ఒక తెల్ల కాగితం పెట్టి ఫోటో తీసి, నాలుగు మూలలా వెలుతురు సమానంగా ఉందా చూస్తాను. ఇది ఎక్కువమంది వదిలేసే పని. ఒక పక్క గడులకి వెలుతురు తక్కువ పడితే సాఫ్ట్‌వేర్ ఆ తేడాని రంగు తేడాగా లెక్కేసి తప్పు ప్రొఫైల్ ఇస్తుంది, అది తప్పని ఎక్కడా చెప్పదు. కార్డు ఫ్రేము మధ్యలో ఉండాలి, మొత్తం నింపేయక్కర్లేదు. లెన్స్ అంచుల్లో వెలుతురు తగ్గుతుంది కాబట్టి మధ్యనే వాడుకోవాలి. ఐఎస్ఓ 100, ఎఫ్8 దగ్గర, ట్రైపాడ్ మీద.

ఎక్స్‌పోజర్ గురించి గట్టిగా చెప్తున్నాను. తెల్ల గడి తెల్లగా ఉండాలి కానీ కాలిపోకూడదు. లైట్‌రూమ్‌లో ఆ గడి మీద కర్సర్ పెడితే కనిపించే మూడు అంకెలూ (ఎరుపు, పచ్చ, నీలం చానళ్లవి) 90–95 శాతం దాటకుండా చూసుకోండి. ఒక్క చానల్ పూర్తిగా నిండిపోయినా ఆ ఫైలు పారేసి మళ్లీ తీయండి. తక్కువైనా ఇబ్బందే, ముదురు గడుల్లో గ్రెయిన్ వస్తుంది.

మీరు వేసుకున్న చొక్కా కూడా చూసుకోవాలండి. ఎర్ర చొక్కా వేసుకుని కార్డు ముందు వంగి తీస్తే ఆ ఎరుపు కార్డు మీద పడుతుంది. రంగు పని ఉన్నరోజు నేను బూడిద రంగు చొక్కానే వేసుకుంటాను. కార్డు పక్కన ముదురు రంగు చీరల దొంతర కూడా ఉండకూడదు.

పట్టు మెరుపు తగ్గించడానికి లెన్స్‌కి పోలరైజర్ వాడేవాళ్లయితే, కార్డుని కూడా పోలరైజర్‌తోనే తీయండి. అది రంగుని కొద్దిగా మారుస్తుంది. చీరకి ఏ అమరికో కార్డుకీ అదే అమరిక.

సాఫ్ట్‌వేర్ పని. ఇది అన్నిటికంటే తేలిక, అందుకే క్లుప్తంగా రాస్తున్నాను. మీరు లైట్‌రూమ్ వాడుతున్నారు కాబట్టి కార్డు కంపెనీ ఉచితంగా ఇచ్చే కెమెరా కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్ దించుకోండి. రా ఫైలుని డీఎన్‌జీగా (అడోబీ వాళ్ల రా ఫైలు రకం) మార్చి అందులో తెరిస్తే గడుల్ని అదే గుర్తుపట్టి డీసీపీ ఫైలు (లైట్‌రూమ్ చదివే ప్రొఫైల్) ఒకటి చేస్తుంది. లైట్‌రూమ్ మూసి తెరిస్తే ప్రొఫైల్ బ్రౌజర్‌లో మీ పేరుతో కనిపిస్తుంది. పేరు పెట్టేటప్పుడు కెమెరా, లైటు, నెల, సంవత్సరం రాయండి. 'కొత్తది', 'కొత్తది2' అని పెడితే ఆర్నెల్లకి మీకే తెలియదు.

ఇదే పనికి అడోబీ డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్ కూడా ఉంది, ఉచితం. అందులో చార్ట్ ట్యాబ్‌లో నాలుగు వృత్తాల్ని కార్డు నాలుగు మూల గడుల మీద పెట్టి, ఏ వెలుగుకో ఎంచుకుని పట్టిక తయారు చేయమనాలి. లైట్‌రూమ్ బదులు డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్ లోపలే కార్డు చదివే సదుపాయం ఉంది. క్యాప్చర్ వన్ వాడితే డీసీపీ కాదు, ఐసీసీ అనే ఇంకో రకం ప్రొఫైల్ కావాలి. రా థెరపీ డీసీపీని తీసుకుంటుంది. లోతుగా వెళ్లాలనుకునేవాళ్లకి ఆండర్స్ టోర్గర్ రాసిన డీకామ్‌ప్రొఫ్ ఉంది. ఓపెన్ సోర్స్, కానీ కమాండ్లు టైప్ చేస్తూ పనిచేయాలి. మీరు దానితో మొదలుపెట్టొద్దు.

చీర ఫోటోలకి వాడేటప్పుడు, ప్రతి విడతలో మొదటి ఫోటో కార్డుతో తీయండి. అందులో తెలుపు పక్కనున్న లేత బూడిద గడి మీద క్లిక్ చేసి వైట్ బ్యాలెన్స్ తీసుకుని మిగతా ఫోటోలన్నిటికీ అదే వేయండి. తెల్ల కాగితం మీద వైట్ బ్యాలెన్స్ తీయొద్దు, దానిలో మెరుపు తెచ్చే రసాయనాలు ఉంటాయి, కాగితం కొంచెం నీలంగా పడుతుంది, దాన్ని సరిచేయబోయి మిగతా ఫోటో పసుపు వైపు పోతుంది.

ఒక్క ప్రొఫైల్ అన్నిచోట్లా పనికొస్తుందా అన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు. డీసీపీలో రెండు వెలుగుల పట్టికలు ఒకే ఫైలులో పెట్టొచ్చు. పసుపుపచ్చ బల్బు వెలుగు 2850 కెల్విన్ దగ్గర ఒకటి, పగటి వెలుగు 6500 కెల్విన్ దగ్గర ఒకటి. మధ్యలో ఉన్న వెలుగుకి రెండిటినీ కలిపి లెక్కేస్తుంది. బయట తిరుగుతూ మగ్గాల దగ్గర, గుళ్ల దగ్గర, పెళ్లిళ్లలో తీసేవాళ్లకి ఈ రెండు వెలుగుల ప్రొఫైల్ చాలా మంచిది. కానీ ఎల్‌ఈడీ, ట్యూబులైటు ఈ బల్బుకీ ఎండకీ మధ్య వరసలో ఇమడవు. వాటి రంగు ఉష్ణోగ్రత 5000 అని రాసున్నా, లోపలి రంగుల పంపకం ఎండలాంటిది కాదు. అందుకే మీ గదికి మీ లైట్లతో ప్రత్యేకంగా ఒకటి చేసుకోండి. బయటి పనికి రెండు వెలుగులది ఇంకోటి ఉంచుకోండి. కెమెరా మారితే మళ్లీ చేయాలి. లెన్స్ మారితే సాధారణంగా అక్కర్లేదు, లెన్స్‌లో ఉండే కొద్ది పసుపుదనాన్ని వైట్ బ్యాలెన్సే సర్దేస్తుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? అదే కార్డు ఫోటోకి ప్రొఫైల్ వేసి చూసి "అద్భుతం" అనుకోవడం పరీక్ష కాదు. ఆ గడుల కోసమే తయారైన పట్టిక ఆ గడుల్ని సరిగ్గా చూపించడంలో వింతేముంది? కార్డులో లేని రంగుల మీద చూడాలి. నా దగ్గర మగ్గాల దగ్గర అడిగి తెచ్చుకున్న గుడ్డ ముక్కల అట్ట ఒకటి ఉంటుంది: కనకాంబరం, ఉల్లిపొర రంగు, నెమలికంఠం, గంధం, ఆనంద బ్లూ, నేరేడుపండు, చిలకపచ్చ ఇలా. పట్టువి, నూలువి విడివిడిగా. ప్రొఫైల్ చేశాక ఈ అట్టని అదే లైట్ల కింద తీసి, మానిటర్ పక్కనే మంచి లైటు కింద అట్టని పెట్టి ఒక్కొక్క ముక్కా పోల్చి చూస్తాను. మీకు మగ్గాలు ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఇది రేపే మొదలుపెట్టొచ్చు. ఎక్కువ అమ్ముడుపోయే రంగుల ముక్కలు పోగేయండి.

అంకెల్లో కావాలంటే డెల్టా ఈ అనే కొలత ఉంది, రెండు రంగుల మధ్య దూరం చెప్తుంది. 1 దగ్గర ఉంటే పక్కపక్కన పెట్టినా చాలామందికి తేడా తెలియదు. కార్డు మీద సగటు 2 లోపు ఉంటే చీరల అమ్మకానికి హాయిగా సరిపోతుందని నా అభిప్రాయం. సగటు బాగున్నా ఒక్క గడి 6, 7 చూపిస్తుంటే అది ఏ రంగో చూడండి, మీరు అమ్మే చీరల్లో ఆ రంగు ఎక్కువగా ఉందా ఆలోచించండి.

ఇక ఆ మొండి రంగుల సంగతి.

రామా గ్రీన్, నెమలికంఠం, ముదురు టర్కాయిస్ లాంటివాటిలో చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, చివర్లో మీరు సేవ్ చేసే ఎస్ఆర్‌జీబీది. 1996లో అప్పటి కంప్యూటర్ తెరల్ని దృష్టిలో పెట్టుకుని ప్రతిపాదించిన రంగుల పరిధి అది. పచ్చకీ నీలానికీ మధ్య ఉండే గాఢమైన రంగులు దానిలో పట్టవు. పట్టనప్పుడు ఎరుపు చానల్ సున్నాకి పడిపోయి, మిగిలిన రెండిటి పాళ్లు మారి రంగు నీలం వైపు జారుతుంది. మీ ఫోటోలో ఆ చీర మీద కర్సర్ పెట్టి ఎరుపు అంకె సున్నా దగ్గర ఉందేమో చూడండి. ఉంటే ప్రొఫైల్ మార్చి లాభం లేదు. ఆ రంగుకి మాత్రం సాచురేషన్ (రంగు గాఢత) కొంచెం తగ్గించండి. ఎరుపు అంకె సున్నా వదిలి లేచేవరకు తగ్గిస్తే రంగు తన పచ్చదనానికి తిరిగొస్తుంది. కాస్త వెలిసినట్టు ఉన్నా రంగు రంగులా ఉంటుంది. కొనేవాళ్లు గాఢత కొద్దిగా తగ్గితే ఏమీ అనరు, పచ్చ నీలమైతే మాత్రం వెనక్కి పంపిస్తారు.

వంకాయ రంగు, నేరేడుపండు రంగు వేరే కథ. ఈ ఊదా అద్దకాల్లో చాలావాటికి కంటికి కనిపించే ఎరుపు చివరి అంచున వెలుగు బాగా తిరిగొస్తుంది. కెమెరాలో సెన్సర్ ముందుండే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ సరిగ్గా ఆ అంచునే కోయడం మొదలుపెడుతుంది. కన్ను చూసిన ఎరుపు కెమెరాకి అందదు, ఊదా బ్లూ అవుతుంది. ఇది అద్దకాన్ని బట్టి ఉంటుంది. ఒకే వంకాయ రంగులో కనిపించే రెండు చీరల్లో ఒకటి సరిగ్గా వచ్చి ఇంకోటి రాకపోవచ్చు, ఎందుకంటే వాటి రంగు వేరే రసాయనంతో వచ్చింది. ప్రొఫైల్ సగం వరకు లాక్కొస్తుంది. మిగతా సగానికి లైట్‌రూమ్‌లో ఆ చీర మీద మాస్క్ వేసి (చీర ఒక్కదాన్నే ఎంచుకుని), చీర పక్కన పెట్టుకుని ఊదా హ్యూని (రంగు ఛాయని) ఎరుపు వైపు జరపండి. ఆ అద్దకం మళ్లీ మళ్లీ వచ్చేదైతే ఆ సవరణని ప్రీసెట్‌గా దాచుకోండి. అలాంటి ప్రీసెట్లు నా దగ్గర అద్దకాల వారీగా ఉన్నాయి.

దీనికి తిరగబడ్డ సమస్య నల్లటి సింథటిక్ బట్టలది. కంటికి నలుపే, కానీ ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా తిప్పికొడతాయి, ఫిల్టర్ బలహీనంగా ఉన్న కెమెరాలో మెరూన్‌గా పడతాయి. 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరాలో ఇది బాగా బయటపడి, కంపెనీయే లెన్స్ ముందు పెట్టుకునే ఫిల్టర్లు ఇవ్వాల్సి వచ్చింది. నలుపు చీర గోధుమగా వస్తుంటే ఆ రంగు సాచురేషన్ తగ్గించి పని కానివ్వండి.

ఫ్లోరసెంట్ రాణీ పింక్, నియాన్ పచ్చ లాంటివి తమ మీద పడ్డ వెలుగుని మించి ఆ రంగులో వెలుగుతాయి. కార్డులో అలాంటి గడి ఒక్కటీ లేదు. వీటికి దగ్గరగా వస్తే చాలు అనుకోవాలి, చీర వివరాల్లో ఒక మాట రాయాలి.

షాట్ పట్టు, అంటే పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న చీరకి అసలు ఒక్క రంగంటూ లేదు. ఏ కోణం నుంచి చూస్తే ఆ రంగు. ఏ ప్రొఫైలూ దీన్ని ఒక్క ఫోటోలో చూపించలేదు. రెండు కోణాల్లో రెండు ఫోటోలు, వీలైతే చేత్తో చీరని కదిలిస్తూ చిన్న వీడియో. జరీ కూడా అంతే, అది చుట్టూ ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. చుట్టూ కొబ్బరిచెట్లుంటే జరీ పచ్చగా వస్తుంది. ఉప్పాడ జాందానీ తీసేటప్పుడు నేను బుటాకి దగ్గరగా ఒకటి, చీర మొత్తం ఒకటి వేర్వేరు లైటు అమరికలతో తీస్తాను. జాందానీ నేత గాలిలా పలచగా ఉంటుంది కాబట్టి కింద పరిచిన గుడ్డ రంగు చీరలోంచి కనిపిస్తుంది. కింద ఎప్పుడూ ఒకటే తటస్థమైన బూడిద గుడ్డ పరచండి, లేదంటే లేత రంగు చీరలన్నీ మోసం చేస్తాయి.

నరసాపురం లేసుకి వద్దాం. అక్కడ రంగే లేదు, తెలుపు, హాఫ్ వైట్, క్రీమ్. ప్రొఫైల్ అవసరం దాదాపు ఉండదు. కానీ విదేశీ కొనుగోలుదారుకి తెలుపుకీ హాఫ్ వైట్‌కీ తేడా కనిపించకపోతే మొత్తం ఆర్డరుకే ఇబ్బంది. కొన్ని దారాలకి మెరుపు తెలుపు కోసం రసాయనం పట్టిస్తారు. అది ఫ్లాష్‌లో ఉన్న అతినీలలోహిత వెలుగుకి నీలంగా వెలుగుతుంది. అదే దారం మంచి ఎల్‌ఈడీ కింద అలా వెలగదు, ఎందుకంటే వాటిలో అతినీలలోహితం దాదాపు ఉండదు. అందుకే లేసు పనికి నేను ఫ్లాష్ మానేసి ఎల్‌ఈడీయే వాడతాను. వైట్ బ్యాలెన్స్ కార్డు మీదే తీస్తాను, లేసు మీద ఎప్పుడూ తీయను. లేసు మీద తీస్తే క్రీమ్ కూడా తెల్లగా మారిపోతుంది.

కడియంలో నర్సరీవాళ్లకి ఇలాంటిదే పువ్వులతో. శంఖపుష్పం లాంటి నీలి పువ్వులు ఫోటోలో ఊదా వైపు పోతుంటాయి. కొన్ని నీలి పువ్వులు కంటికి అంతగా అందని ముదురు ఎరుపుని కూడా తిప్పికొట్టడం దీనికి కారణం, ఫిల్ము రోజుల్నించీ ఫోటోగ్రాఫర్లకి తెలిసిందే. అక్కడ షేడ్‌నెట్ పచ్చది ఉంటే ముందు మొక్కని దాని కిందనుంచి బయటికి తేవాలి. ఉదయం మబ్బు వెలుగులో తీసి, రెండు వెలుగుల ప్రొఫైల్ వేస్తే చాలావరకు బాగుంటాయి.

ఫోన్‌తో తీయొచ్చా అని మీరు చివర్లో అడిగారు. ఫోన్ ఇచ్చే జేపెగ్‌కి ప్రొఫైల్ చేయడం దండగ, ఎందుకంటే అది దృశ్యాన్ని బట్టి ప్రతి ఫోటోకీ రంగుల్ని తనకి తోచినట్టు మారుస్తుంది. డీఎన్‌జీ తీసే ఫోన్ అయితే ప్రొఫైల్ చేయొచ్చు. మెయిన్ కెమెరాకి, టెలీ కెమెరాకి వేర్వేరు సెన్సర్లు కాబట్టి వేర్వేరుగా చేయాలి.

కార్డు సంరక్షణ మన దగ్గర పెద్ద పనే. కాలవ గట్టు ఇళ్లలో వానాకాలం లెన్సులకే బూజు పడుతుంది, కార్డుకీ పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గడుల మీద వేలు పెట్టొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు. ఎండలో ఫోటో అయిపోగానే మూసేయండి. తయారీదారులు రెండేళ్లకోసారి మార్చమంటారు. డబ్బాలో జాగ్రత్తగా ఉన్న కార్డు ఇంకొంత కాలం వస్తుంది, కానీ దాన్ని సొంత కంటితో తేల్చొద్దు. రంగు మెల్లగా వెలుస్తుంది కాబట్టి రోజూ చూసేవాళ్లకి తెలియదు.

140 గడుల కార్డు మీకు అక్కర్లేదు. దాని ఉపరితలం కొంచెం మెరుస్తుంది, లైట్లు అణువంత తప్పుగా ఉన్నా గడుల మీద తళుకు పడి లెక్కలు పాడవుతాయి. మ్యూజియం బొమ్మలు, పాత పటాలు కాపీ తీసేవాళ్లకి అది ఉపయోగం. గడులు ఎక్కువైతే ప్రొఫైల్ ఎక్కువ కచ్చితం అవుతుందన్న హామీ కూడా లేదు. మరీ బిగించి సరిపెట్టిన పట్టిక లేత రంగుల మడతల్లో మెట్లుమెట్లుగా గీతలు తెస్తుంది. ఆ డబ్బుకి ఇంకో మంచి లైటు కొనుక్కోండి, లేదా మానిటర్ కొలిచే పరికరం కొనుక్కోండి.

గది వెలుగు కుదుర్చుకుని ప్రొఫైల్ చేశాక కూడా ఏదైనా చీర కుదరకపోతే ఇక్కడే రాయండి. అప్పుడు నాలుగు విషయాలు చెప్పండి: లైటు పెట్టె మీద ఉన్న సీఆర్ఐ, ఆర్9 అంకెలు, కార్డు ఏ సంవత్సరంలో కొన్నది, ఆ చీర పట్టా నూలా, రా ఫైలులో ఆ చీర మీద మూడు చానళ్ల అంకెలు. అవుంటే తప్పు ఎక్కడుందో చెప్పడానికి వీలవుతుంది.